పంచాయతి, పని, పరిశోధన

ఒంగోలు నుండి చిలకలూరిపేట మీదుగా గుంటూరునకు పోవు రహదారికి ఇరుప్రక్కల కనుచూపుమేర వ్యాపించియున్న నల్లరేగడి నేలలు ప్రత్తికిని మిరపకును పేరుపొందినవి. ఈ రెండు పంటలలో ఏదియు ఇంటి తిండికొరకు పండించునది కాదు. రెండును అంగడికి పోవునవే. రెండింటికిని పెట్టుబడి అధికము, కూలి మనుష్యుల అవసరము అధికము, పురుగుల భయము అధికము. అందుచేత వరి పండించు డెల్టా గ్రామమునందు కంటె ఇచ్చటి గ్రామమునందు ప్రభుత్వ విధానముల మంచిచెడ్డలు త్వరగా బయటపడును.

1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు దాల్చిన జిల్లాలో అంతకుముందు గుంటూరు జిల్లాలోనున్న తాలూకాలు కొన్ని చేరినవి. 2022లో మరల విభజన జరిగి పల్నాడు, బాపట్ల జిల్లాలు వచ్చినవి. సరిహద్దులు ఎన్నిమార్లు మారినను నేల మారలేదు, నేలతోడి చిక్కులును మారలేదు. ఈ ప్రసంగములో గుంటూరు, ప్రకాశం అని మేము చెప్పునది ఆ పాత జిల్లాల రేగడి ప్రాంతమును గూర్చియే.

స్థానిక పరిపాలన, పని, పరిశోధన అను మూడు విషయములను ఒక్కచోట చేర్చి చూడవలెనని మా ఉద్దేశము. ప్రభుత్వపు దస్త్రములలో ఇవి వేరువేరు. పంచాయతి అనగా వీధిదీపములు, మురుగు కాలువలు, మంచినీరు. పని అనగా కూలి దినముల లెక్క. పరిశోధన అనగా విశ్వవిద్యాలయము. చేనిగట్టుమీద నిలుచున్న రైతునకు మాత్రము ఇవి మూడును ఒక్కసారిగా ఎదురగును. పురుగు పడినది, ఏమి చేయవలెను? కాయ పండినది, కోయు వారెవరు? కోసిన కాయను ఎచ్చట ఎండబెట్టవలెను? ఈ ప్రశ్నలకు గ్రామమంతయు కలిసి సమాధానము చెప్పవలసినచోట ఒక్కొక్క రైతు ఒంటరిగా సమాధానము వెదకికొనుచున్నాడు. ప్రధానమైన లోపము ఇదియేనని మా అభిప్రాయము.

గ్రామము తన పనులను తానే చక్కబెట్టుకొనవలెనను ఆశయము మనకు క్రొత్తది కాదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఇచ్చిన నివేదికను అనుసరించి దేశములో మొదట రాజస్థానము, తరువాత ఆంధ్రప్రదేశము పంచాయతి రాజ్యమును నెలకొల్పినవి. 1959 అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. ఆనాటి పంచాయతి సమితులలో వ్యవసాయ విస్తరణాధికారి కూడ ఒక ఉద్యోగి. మంచి విత్తనము, ఎరువు, ప్రదర్శన క్షేత్రము మొదలగునవి సమితి పనులలో భాగములు. 1986లో సమితుల స్థానమున మండల పరిషత్తులు వచ్చినవి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను రాజ్యాంగమునకు చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. ఆ జాబితాలో మొట్టమొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ.

జాబితాలో మొదట నిలిచిన ఈ విషయము ఆచరణలో పంచాయతి చేతికి రాలేదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడినవి, 2020 మే నెలలో రైతు భరోసా కేంద్రములు వెలసినవి, 2024లో వానికి రైతు సేవా కేంద్రములని పేరు మార్చిరి. గ్రామమునకు ఒక వ్యవసాయ సహాయకుడు వచ్చుట మంచి మార్పే. చదువుకొన్న యువకుడు ఊరిలోనే అందుబాటులో నుండుట మునుపెన్నడును లేని సదుపాయము. కాని ఆ ఉద్యోగి సమాధానము చెప్పవలసినది తన పై అధికారికి. గ్రామసభలో లేచి నిలిచి, “ఈ యేడు మన ఊరి ప్రత్తికి ఇది ప్రమాదము, దీనికి ఈ ఉపాయము” అని చెప్పవలసిన విధి అతనికి లేదు. అడుగవలెనను తలంపు సభకును లేదు.

ఇక పరిశోధన సంగతి. ఈ ప్రాంతమునకు శాస్త్రజ్ఞులు దూరముగా లేరు. గుంటూరు ప్రక్కనే లాం గ్రామమున వ్యవసాయ పరిశోధనా క్షేత్రము 1922 నుండి పనిచేయుచున్నది. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. నిడుబ్రోలులో పుట్టి, రైతునకు చదువు, సంఘము రెండును కావలెనని 1930వ దశకములో అచ్చటనే రైతు విద్యాలయమును నడపిన ఆచార్య రంగా పేరిట నున్న వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు, 2014 రాష్ట్ర విభజన తరువాత లాం గ్రామమే కేంద్రమైనది. లాం క్షేత్రమునుండి వెలువడిన మిరప రకములు అనేకము. భాగ్యలక్ష్మి, సింధూర్, ఎల్.సి.ఎ. 334 వంటి పేర్లు రైతుల నోట నానినవే. అనగా తెలివికి కొరత లేదు, దూరమును లేదు. అయినను ఈ నేలమీదనే 1987-88వ సంవత్సరపు ఉపద్రవము సంభవించినది.

ఆ ఉపద్రవమును నేటి యువతరము తెలిసికొనవలెను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల అయినది. తరువాతి కాలమున ఈ ప్రాంతములో ప్రత్తి సేద్యము విరివిగా పెరిగినది. 1980 తరువాత కృత్రిమ పైరెత్రాయిడ్ మందులు అంగడికి వచ్చినవి. మొదటి యేండ్లలో వాని దెబ్బకు పురుగు జలజల రాలినది. రైతు మురిసెను, మరల మరల చల్లెను. 1984-85లో తెల్లదోమ విజృంభించి చేలను పాడుచేసెను. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చినది. మందు చల్లినకొలది పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. ఆ సంవత్సరము ఈ రెండు జిల్లాలలో ప్రత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి.

పురుగు మందునకు లొంగకుండుట ఏల? ఇందులో మాయ ఏమియు లేదు. ఒకే జాతి మందును పదేపదే చల్లినపుడు బలహీనమైన పురుగులు చచ్చును, ఏ కొద్దిటికో దానిని తట్టుకొను శక్తి ఉండును. ఆ మిగిలినవే పిల్లలను పెట్టును. కొన్ని తరములలో చేనంతయు వాని సంతతియే అగును. శాస్త్రజ్ఞులు ఆ పురుగులను సేకరించి పరీక్షించి, పైరెత్రాయిడ్ మందులకు అవి లొంగకుండుట నిజమని నిరూపించిరి. కాని ఆ నిరూపణ నష్టము జరిగిన పిమ్మట వచ్చినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయినది. అంతకు ముందు సంవత్సరములలో రైతునకు సలహా చెప్పినది ఎవరు? చాలచోట్ల మందు అమ్మిన దుకాణదారుడే. మందును అప్పు మీద ఇచ్చువాడును అతడే. అమ్మువాడే వైద్యుడైనపుడు, “ఈ వారము మందు అక్కరలేదు” అను సలహా రైతునకు ఎచ్చటనుండి వచ్చును?

2002 మార్చిలో కేంద్రప్రభుత్వము బీటీ ప్రత్తికి అనుమతి ఇచ్చినది. శనగపచ్చ పురుగు బెడద తగ్గి, రైతు ఊపిరి పీల్చుకొనెను. ఆ విత్తనపు ధరను గూర్చి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే గుత్తవ్యాపార నిరోధక సంఘము నెదుట పోరాడి, 2006లో 450 గ్రాముల పొట్లము ధరను 750 రూపాయలకు దింపించినది. 2007లో ప్రత్తి విత్తనముల ధరను నియంత్రించుటకు శాసనమును చేసినది. రాష్ట్రప్రభుత్వము గట్టిగా నిలిచిన రైతునకు మేలు చేయగలదనుటకు ఇది నిదర్శనము. కాని ధర తగ్గించుట శాసనముచేత అగు పని. విత్తనపు శక్తిని నిలుపుకొనుట శాసనముచేత మాత్రమే అగునది కాదు. 2010లో గుజరాతునందు గులాబిరంగు పురుగు మొదటి తరపు బీటీ ప్రత్తికి లొంగకున్నదని తేలినది. తరువాత రెండవ తరపు ప్రత్తికిని అది అలవాటు పడినది. నేడు మన చేలలోను గుడ్డిపూలు, పుచ్చుకాయలు చూపించుచున్నది ఆ పురుగే.

ఈ గులాబిరంగు పురుగు స్వభావమును గమనింపుడు. దానికి ముఖ్యమైన ఆహారము ప్రత్తియే. డిసెంబరు నాటికి పంటను ముగించి, ప్రత్తికట్టెను పీకివేసి, కొన్ని నెలలు చేలను ప్రత్తి లేకుండ ఉంచినచో దాని సంతతి తెగును. కాలువనీరు అందినదని, నాలుగు కాయలు అదనముగా వచ్చునని పంటను ఫిబ్రవరి, మార్చి వరకు నిలిపినచో అది సుఖముగా జీవించి మరుసటి యేటికి సిద్ధముగా నుండును. పీకిన కట్టెను చేనిగట్టున కుప్పవేసినను, ఆ కట్టెకు మిగిలిన పుచ్చుకాయలలో పురుగు దాగును. ఊరిలో తొంబదిమంది పంటను ముగించి, పదిమంది నిలిపినచో తొంబదిమంది శ్రమ వ్యర్థము. ఊరికంతటికి ఒక దారి, ఉలిపికట్టెకు ఒక దారి అయినపుడు పురుగునకు ఉలిపికట్టె దారియే చాలును.

మిరపకు 2021లో ఇట్టి ఆపదయే వచ్చినది. అంతకు కొన్ని యేండ్ల ముందు మన దేశమున ప్రవేశించిన నల్ల తామరపురుగు ఆ సంవత్సరము గుంటూరు, ప్రకాశం ప్రాంతముల మిరపతోటలలో పూతనంతయు పీల్చివేసినది. పూవులో దాగియుండు పురుగును మందుతో పట్టుట కష్టము. తోటలను పెరికివేసిన రైతులు అనేకులు. మందుపై మందు చల్లినవారికి మేలుచేయు పురుగులు నశించి కీడే ఎక్కువైనది. నీలిరంగు జిగురు అట్టలు కట్టుట, చేను చుట్టును జొన్న, మొక్కజొన్న వరుసలు వేయుట, మందులు మార్చి మార్చి మితముగా వాడుట శాస్త్రజ్ఞుల సలహాలు. ఒక ఎకరములో అట్టలు కట్టి, ప్రక్క ఎకరములో కట్టనిచో ప్రయోజన మెంత? పురుగునకు గట్లు తెలియవు, సర్వే సంఖ్యలు తెలియవు.

కావున పురుగు నివారణ ఒక్కొక్క రైతు స్వంత వ్యవహారము కాదు. త్రాగునీటి చెరువు వలె, ఊరి బాట వలె అది ఉమ్మడి వ్యవహారము. ఉమ్మడి వ్యవహారములను నిర్ణయించుటకు మనకున్న సంస్థ పంచాయతి, గ్రామసభ. పరిశోధన పంచాయతి ద్వారముగుండా పోవలెనని మేము చెప్పుటకు కారణమిదియే.

ఇప్పుడు పని సంగతి చూతము. మిరప కోతకు యంత్రము ఇంకను మన చేలకు అలవడలేదు. జనవరి నుండి ఏప్రిల్ వరకు స్త్రీలు వంగి, ఒక్కొక్క కాయను కోయవలసినదే. తరువాత కల్లములలో తాలుకాయలు ఏరుట, శీతల గిడ్డంగుల దగ్గర ముచ్చికలు తీయుట అధికముగా స్త్రీల పనియే. దినమంతయు ఆ ఘాటులో చేతులు మండుచుండ పనిచేయు ఈ స్త్రీల సంఖ్య ఏ పంచాయతి పుస్తకములోను కనబడదు. ఊరి కూలీలు చాలనందున కర్నూలు జిల్లా పడమటి ప్రాంతములగు ఆదోని, కోసిగి, పత్తికొండ ప్రక్కలనుండి కుటుంబములు కుటుంబములుగా తరలివచ్చును. చేలప్రక్కన పట్టాలు కప్పిన గుడిసెలలో నివసించును. వెంట పిల్లలును వత్తురు. బడులలో పరీక్షలు సమీపించు నెలలు అవియే. పిల్లలను స్వగ్రామములలోనే నిలుపుటకు వలసకాలపు వసతిగృహములు పెట్టుచున్నారు. కాని వచ్చిన పిల్లలకు, వచ్చిన తల్లులకు ఇచ్చటి పంచాయతి ఏమగును? వారి ఓటు అచ్చట, చెమట ఇచ్చట. ఒక పంచాయతి వారిని పోయినవారిగా లెక్కించును, మరియొక పంచాయతి అసలు లెక్కింపదు.

గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రమునందే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనది. కరవు ప్రాంతపు కూలికి దానివలన కలిగిన ధైర్యము చిన్నది కాదు. కోతల కాలములో కూలీలు దొరకుట లేదని రైతులు ఫిర్యాదు చేయుటయు వాస్తవమే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టము స్థానమున క్రొత్త చట్టమును చేసినది. పనిదినములను 100 నుండి 125కు పెంచినది. విత్తులు, కోతలు ముమ్మరముగా సాగు కాలమున సంవత్సరములో 60 దినములు ఈ పనులను ఆపుటకు వీలు కల్పించినది. ఇందు వివాదమునకు తావున్నది. రైతునకు అనుకూలమైన ఆ 60 దినములు కూలికి కూలిరేటును అడుగు శక్తిని తగ్గించునేమోయను శంక ఉచితమైనదే. మరియొక ప్రశ్న కూడ ఉన్నది. ఆ 60 దినములు ఏవి? వరికోత ఒక నెలలో, ప్రత్తితీత మరియొక నెలలో, మిరపకోత నాలుగు నెలలపాటు సాగును. కర్నూలు పడమట పని లేని నెలలే గుంటూరున పని నిండుగా నుండు నెలలు. రాష్ట్రమంతటికిని ఒక్కటే తేది పెట్టినచో ఎచ్చటనో ఒకచోట అన్యాయము జరుగును. ఈ లెక్క తెలిసినది గ్రామమునకే. ఋతువును నిర్ణయించునపుడు గ్రామసభ మాట వినబడవలెను.

పరిపాలన, పని, పరిశోధన మూడును ఒక్కచోట కలియు దృష్టాంతము కావలెనన్నచో మిరపకల్లమును చూడుడు. కాయను మట్టినేలమీద ఎండబోసినపుడు, మంచు పడినపుడు, అకాలవర్షమునకు తడిసినపుడు బూజు పట్టును. ఆ బూజువలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. ఐరోపా దేశములు మిరపలో అఫ్లటాక్సిన్లు అన్నియు కలిసి నూరుకోట్ల పాళ్ళలో పది పాళ్ళకు మించరాదని నియమము పెట్టినవి. అంత సూక్ష్మమైన కొలతను తప్పించుకొనుటకు రైతునకు కావలసినది గొప్ప యంత్రము కాదు. శుభ్రమైన గట్టినేల, పైన కప్పుటకు పట్టా, సకాలములో కాయను తిరుగవేయు మనుష్యులు చాలును. నేల వేయుట పంచాయతి పని, దానిని కట్టుట కూలీల పని, ఎంత ఎండవలెనో చెప్పుట శాస్త్రజ్ఞుల పని. తెలంగాణలో ఉపాధి నిధులతో ఇట్టి కల్లములను నిర్మించిరి. అవి అనుమతింపబడిన పనులు కావని కేంద్రము ఆక్షేపించి, 2022లో సుమారు 151 కోట్ల రూపాయలు తిరిగి చెల్లింపుమని కోరినది. చట్టములోని జాబితాను గూర్చిన ఆ వాదములో ఎవరి పక్షము న్యాయమో నిర్ణయించుట మా పని కాదు. కాని పంట ఎండబెట్టుకొను నేల ఊరికి అవసరమా కాదా యని ఊరిని ఎవరును అడుగకుండుట మాత్రము విచారింపదగినది.

ధర సంగతి కూడ ఒక్కమాట. 2025 ప్రారంభమున మిరపధర పడిపోయినపుడు కేంద్రము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయించి, 2 లక్షల 91 వేల టన్నుల వరకు వ్యత్యాసము చెల్లించుటకు ఆమోదించినది. ఇట్టి సాయము ఎవరికి చేరును? పుస్తకములో పేరున్నవానికి. ఈ ప్రాంతములో దున్నువారిలో కౌలుదారులు అనేకులు. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము వారికి 11 నెలల పత్రమునిచ్చుటకు ఉద్దేశించినదే. కాని భూస్వామి ఒప్పుకొని సంతకము చేసినగాని ఆ పత్రము రాదు. సంతకము చేసిన భూమి పోవునేమోయని ఆయన భయము. ఫలానా చేను ఫలానావాడు దున్నుచున్నాడని ఊరందరికిని తెలియును, కాగితమునకు మాత్రము తెలియదు. యాజమాన్య హక్కునకు భంగము లేకుండ, ఆ యేటి సాగును మాత్రము గ్రామసభలో చదివి వ్రాసికొను పద్ధతి ఏర్పడినచో ఈ భయము కొంత తీరును.

పంచాయతులకు ఇంత భారము అప్పగించుట తగునా యని అడుగువారు కలరు. పంచాయతులలో కక్షలున్నవి, ధనము లేదు, గ్రామసభలు కాగితముమీదనే జరుగుచున్నవి అని వారందురు. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. కాని సభకు పనికివచ్చు పని ఏదియు అప్పగింపకుండ, సభకు జనము వచ్చుట లేదనుట న్యాయము కాదు. తన ప్రత్తి సంగతి, తన కూలి సంగతి చర్చకు వచ్చునని తెలిసినచో రైతు వచ్చును, కూలియు వచ్చును. కక్షలున్న ఊరిలో కూడ ఇరుపక్షముల చేలను పురుగు ఒక్కటిగానే తినుచున్నది.

కావున మేము కోరునవి పెద్ద పథకములు కావు. ఏరువాకకు ముందు ప్రతి రేగడి గ్రామమునను ఒక సభ జరుగవలెను. లాం క్షేత్రమునుండియో, సమీపమునందలి కృషి విజ్ఞాన కేంద్రమునుండియో ఒక శాస్త్రజ్ఞుడు ఆ సభకు రావలెను. గడచిన యేట తమ సలహాలలో ఏది ఫలించినది, ఏది ఫలింపలేదో ఆయన దాపరికము లేక చెప్పవలెను. ప్రత్తి ముగింపు తేదీని సభ నిర్ణయింపవలెను. ఆ తేదీకి పంట తీసివేసిన చిన్నరైతు నష్టపోకుండ, కట్టెను పీకించు ఖర్చును ఉమ్మడి నిధినుండి భరింపవలెను. కోతలకు ఎందరు కూలీలు కావలెనో, బయటినుండి ఎందరు వత్తురో, వారి పిల్లలు ఎందరో ముందుగా అంచనా వేసి, మంచినీరు, మరుగుదొడ్డి, బడి ఏర్పరుపవలెను. పరిశోధకులు తమ ప్రయోగమును పది సెంట్ల మడితో ఆపక, ఊరినంతటిని ఒక మడిగా తీసికొని ఫలితమును కొలువవలెను. వీనికి కావలసిన ధనములో కొంతయైనను ఏ పద్దు క్రింద ఖర్చు పెట్టవలెనో నిర్ణయించు స్వేచ్ఛ పంచాయతికి ఉండవలెను.

వీనిలో మొదటిదానికి ఏ క్రొత్త చట్టమును అక్కరలేదు. గ్రామసభ ఉన్నది, వ్యవసాయ సహాయకుడు ఉన్నాడు, శాస్త్రజ్ఞుడు కొన్ని గంటల దూరములోనే ఉన్నాడు. వచ్చు ఏరువాకకు ఏ ఒక్క ఊరైనను సభ చేరి, ప్రత్తి ముగింపునకు ఒక తేదీని వ్రాసికొని, డిసెంబరులో ఆ తేదీని నిలుపుకొన్నచో, మరుసటి యేడు ఆ ఊరి లింగాకర్షక బుట్టలలో పడు పురుగుల లెక్కయే ప్రక్క ఊళ్ళకు సమాధానము చెప్పును.